వివరణ కోరగా

బొమ్మిడాయిలు తోముతుండగా ఫోను మోగింది. బొమ్మిడాయి చేప ఒక పట్టాన చేతికి చిక్కదు. ఉప్పూ బూడిదా చల్లి బండ మీద రుద్దితేనే జిగురు వదులుతుంది. మోచేతుల దాకా ఆ మడ్డి అంటుకుని ఉంది. చేతులు కడుక్కుని వచ్చేసరికి మోత ఆగిపోయి, వాట్సాప్‌లో మా ఆయన గొంతు వచ్చి ఉంది.

"రాసుకో. పంచాయతీ ఆఫీసు దగ్గర ఆడాళ్ళు బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. వారం బట్టి నీళ్ళు రాటం లేదంట. ఓ ముప్పయి మంది ఉంటారు. సెక్రటరీకి ఫోన్ చేసేను, ఎత్తలేదు. ఫొటోలు పంపేను. మిగతాది నువ్వు చూసుకో."

మిగతాది అంటే వార్త.

మా ఆయన సత్యదుర్గారావు మా మండలానికి ఒక పేపరు విలేకరి. దానికి జీతం ఉండదు. అచ్చయినదాన్ని బట్టి ఏదో ఇస్తారు, అది పెట్రోలుకి చాలదు. కానీ బండి మీద ప్రెస్ అని ఉంటుంది. ఆఫీసుకి వెళితే కుర్చీ వేస్తారు. పెళ్ళిళ్ళలో పిలిచి మరీ ముందు వరసలో కూర్చోబెడతారు. ఆయనకి కావలసింది అది. పెళ్ళయిన కొత్తలో వార్త కాయితం మీద రాసి, దాన్ని ఫొటో తీసి పంపేవారు. తరవాత డెస్కు వాళ్ళు టైపు చేసి పంపితేనే తీసుకుంటామన్నారు. ఫోనులో తెలుగు కొట్టడం ఆయనకి పట్టుబడలేదు. వత్తు దొరక్క విసుక్కుని, ఇదోసారి కొట్టిపెట్టవే అన్నారు. కొట్టిపెట్టాను. మొదట్లో ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టేదాన్ని. కొన్నాళ్ళకి వాక్యాలు సరిచేయడం మొదలుపెట్టాను. ఇంకొన్నాళ్ళకి ఆయన వాక్యాలు చెప్పడమే మానేశారు. ఎక్కడ, ఎవరు, ఎంతమంది. అంతే. మిగతాది నేను చూసుకునేదాన్ని.

ఆయన నాకు నేర్పిన వాక్యం ఒక్కటుంది. ఎవరి మీదనైనా ఫిర్యాదు రాసేటప్పుడు వాళ్ళ మాట కూడా అడగాలి. అడిగితే పలకలేదనుకో, చివర్న 'ఈ విషయమై ఆయనను వివరణ కోరగా స్పందించలేదు' అని పెట్టాలి. ఆ ముక్క ఎప్పుడూ మరిచిపోకు, అది ఉంటే మన మీదకి ఎవడూ రాలేడు అన్నారు. ఆ సాయంత్రం పంచాయతీ సెక్రటరీ గురించి కూడా అదే పెట్టాను. పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. ఎడం చేత్తో గరిటె, కుడిచేతి బొటనవేలితో తెలుగు. ఫోను అద్దం మీద బూడిద మరక పడింది.

"ఆ ఫోను గీక్కుంటా కూర్చుంటే పులుసు దానంతటది దిగద్దా?" అంది మా అత్త సూర్యకాంతం, అరుగు మీద నుంచి.

మీ అబ్బాయి వార్తే అత్తా అన్నాను. వాడి పని వాడు చేసుకుంటాడు, నీ పని నువ్వు చూసుకో అంది.

మర్నాడు పొద్దున్న పేపరు వచ్చాక మాత్రం అదే అత్త కాఫీ గ్లాసు పట్టుకుని నా పక్కకి వచ్చి కూర్చుంటుంది. ఆవిడకి చదువు రాదు. మావాడు రాసింది చదువమ్మా అంటుంది. నిన్న పులుసు కలుపుతూ నేను రాసిన వాక్యాలు నేనే పైకి చదువుతాను. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటుంది. ఖాళీ బిందెల చప్పుడు గురించి రాసిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి, "సూసేవా, ఎలా రాసేడో. చిన్నప్పుడు తెలుగులో తప్పేవాడు. మాస్టారు తొడపాశం పెట్టేవోరు. ఎప్పుడు నేర్చేసుకున్నాడో ఏటో," అంటుంది. నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు చాలాకాలం నన్ను కాపాడింది. నవ్వొచ్చినంత కాలం ఏదీ అంత బాధగా ఉండదు.

జర్నలిజం పీజీలో నన్ను చేర్పించింది ఆయనే. అమలాపురంలో యూనివర్సిటీ వాళ్ళ సెంటరు ఉంది, ఆదివారాలు క్లాసులు, నీకు చదువు పిచ్చి కదా, చేరు అన్నారు. ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన ప్రేమ అబద్ధం కాదు. ఆయనకీ లెక్కలేవో ఉన్నాయని తరవాత తెలిసింది. డెస్కులో కొత్తగా వచ్చిన సబ్ ఎడిటరు వార్తలు పట్టి పట్టి చూస్తున్నాడట. పెళ్ళాం చదువుకుంటే వార్తలు బాగుపడతాయి. అలాగని చదివించడం అబద్ధమవుతుందా అంటే, కాదు. కనిపించిన ప్రతివాడితో, మా ఆవిడని పీజీ చదివిస్తన్నానండీ అనేవారు. వాళ్ళు ఆయన వంక మెచ్చుకోలుగా చూసేవారు. నేను పక్కన నిలబడి, చదివించబడుతున్న మనిషిలా కనపడడానికి ప్రయత్నించేదాన్ని.

ఆదివారం తెల్లారకముందే లేచి, మధ్యాహ్నానికి కూరా, రాత్రికి పచ్చడీ చేసిపెట్టి, అత్తకి కాళ్ళ నొప్పుల నూనె మరగబెట్టి, సఖినేటిపల్లిలో బస్సు ఎక్కేదాన్ని. రాజోలు దాటేదాకా తడి జుట్టు ఆరేది కాదు. క్లాసులో పురుషోత్తం సారు మంచి మేష్టారు. వేదం చదువుకున్న ఇంటి నుంచి వచ్చినాయన. మాట ఒక్కటీ వృథాగా వాడరు. వార్తలో మొదట ఎవరు అన్న ప్రశ్నకి జవాబుండాలి, మాట ఎవరిదో చెప్పకుండా మాట వాడుకుంటే అది దొంగతనం అనేవారు. అందరూ రాసుకునేవారు. నేను రాసుకోలేదు. ఆ మాట వింటుంటే మెడ వెనక ఎక్కడో వేడెక్కింది.

మొదటి సంవత్సరంలో అప్పుడు పాఠం చెప్పే మేడమ్ ఒకావిడ ఒక అసైన్‌మెంటు ఇచ్చారు. మీ ఊళ్ళో ఎవరూ రాయని పని గురించి రాయండి అన్నారు. నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళాను.

మా అమ్మ పేరు బేబీ. అంతర్వేదిలో సముద్రం ఒడ్డున ఎండుచేప పెడుతుంది. పడవ దిగిన చేపలో అమ్ముడుపోని చిన్న చేప అంతా ఆడవాళ్ళ పాలిటికే వస్తుంది. కడిగి, ఉప్పు పట్టించి, ఇసకలో వల పరిచి ఆరబెడతారు. పూటకోసారి వంగి తిరగెయ్యాలి. కాకులు, కుక్కలు, వాన. మా నాన్న వేటకి వెళ్ళేవాడు కాబట్టి ఆయన మత్స్యకారుడు. మా అమ్మ ఏమిటో ఏ కాయితంలోనూ లేదు. వేట ఆపేసే రోజుల్లో ఇచ్చే భృతికి పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్ళు పడవ ఎక్కేవాళ్ళ పేర్లే రాసుకుని వెళతారు. నువ్వేం చేస్తావమ్మా అని అడిగితే ఇంట్లోనే ఉంటానండి అంటుంది మా అమ్మ. అలా అనేటప్పుడు చేతులకి ఉప్పు తెల్లగా పొడిబారి ఉంటుంది.

ఫోనులో రికార్డింగు పెట్టి, పక్కన కూర్చుని నేనూ ఆరబెట్టిన నెత్తళ్ళ చేపలు తిరగేస్తూ అడిగాను. గాలి చప్పుడూ, కాకులూ, మధ్యలో అమ్మ గొంతూ. చాలాసేపు చేప సంగతులే చెప్పింది. తరవాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. ముట్టయిన రోజుల్లో ఆడది వల ముట్టుకోకూడదు, పడవ నీడ తొక్కకూడదు, ఎండుచేప దగ్గరికి రాకూడదు. వస్తే చేప పాడైపోతుందని, గంగమ్మ తల్లికి కోపమొస్తుందని మా వాళ్ళ నమ్మకం.

"మరి ఆ మూడ్రోజులూ ఎవరు తిరగేత్తారే? మీ నాన్నా? మొదటేడు దూరంగా కూర్చున్నాను. చేపంతా పురుగెట్టేసింది, మీ నాయనమ్మ నన్నే తిట్టింది. ఆ మీదట్నించి ఎవరికీ చెప్పలేదు. ప్రతీ నెలా ముట్టుకున్నాను. ఒక్క చేపా పాడవలేదు. పడవా మునగలేదు. అయినా మీ నాన్న ఎల్లిన ప్రతిసారీ, తిరిగొచ్చేదాకా నా పేణం నా దగ్గరుండేది కాదు." ఇంకో వరస చేప తిరగేసి, "నువ్వు ఆడపిల్లవి కాబట్టి చెప్పేను," అంది.

అసైన్‌మెంటులో ఆ మాట రాశాను. పేరు పెట్టలేదు. ఒక మహిళ అన్నాను. దాన్ని మా సెంటర్లో చూసింది ఆ మేడమ్ ఒక్కరే. ఆవిడ తరవాత బదిలీ అయి వెళ్ళిపోయారు.

మార్చిలో డెస్కు వాళ్ళు మహిళా దినోత్సవానికి ప్రత్యేక కథనం కావాలని మా ఆయన్ని అడిగారు. సాయంత్రంలోగా పంపాలి. ఆయన దగ్గర ఏమీ లేదు. నా ఫోనులో ఎండుచేపల మీద రాసింది ఉందని ఆయనకి తెలుసు. ఇచ్చేయ్ అన్నారు. ఇవ్వనని అనలేదు నేను. అమ్మ పని పేపర్లో వస్తుందంటే నాకూ ఆశే. నా పేరు వేస్తారా అని అడిగాను. విలేకరి పేరే వేస్తారే, బయటివాళ్ళవి వెయ్యరు అన్నారు. సరే, ఆ ముట్టు సంగతి మాత్రం తీసేసి పంపండి, అది అమ్మ నాకు చెప్పుకున్న మాట అన్నాను.

"పిచ్చిదానా, అదే కదా హైలైటు," అన్నారు.

పంపేశారు. సగం పేజీ వచ్చింది. పైన ఆయన పేరు, పక్కన గుండ్రంగా ఆయన ఫొటో. వేసవిలో విలేకరుల సంఘం వాళ్ళు ఆ కథనానికి బహుమతి ఇచ్చి, అమలాపురంలో సభ పెట్టి శాలువా కప్పారు. ఆ రోజు మా అత్త పుట్టింటివాళ్ళు వచ్చారని నేను ఇంట్లోనే ఉండిపోయాను. శాలువా బీరువాలో నా చీరల మీద పెట్టాను.

కథనం వచ్చిన వారానికి పుట్టింటికి వెళితే, మా అమ్మ నెత్తళ్ళ మీద వంగి ఉంది. ఎవరో చదివి వినిపించారట. తల ఎత్తకుండానే అంది.

"నీకు చెప్పిన మాట అల్లుడుగారికి చెప్పేవా అమ్మాయీ."

నేనే రాశానమ్మా, ఆయన కాదు అన్నాను. పేపర్లో ఆయన పేరే ఉందన్నారు కదా అంది. అది అలాగే వేస్తారమ్మా అన్నాను. అలాగేలే అంది. నమ్మలేదు. నమ్మడానికి అచ్చులో ఏముంది కనక. కూతురు మొగుడి దగ్గర పడుకుని తల్లి ముట్టు గురించి కబుర్లు చెప్పిందనే ఆవిడ అనుకుంది. అప్పటి నుంచీ మా ఆయన వెళితే మా అమ్మ తలుపు చాటున నిలబడే మాట్లాడుతుంది. ఒకప్పుడు ఎదురుగా కూర్చుని, ఇంకో ముక్క వేసుకోండి బాబూ అనే మనిషి. మీ అమ్మకి ఈ మధ్య నేనంటే మర్యాద పెరిగినట్టుందే అన్నారు ఆయన ఒకసారి, బండి మీద తిరిగి వస్తూ. నేను వెనక కూర్చుని ఆయన చొక్కా కాలరు మీద చెమట మరక చూస్తూ ఉండిపోయాను. ఆ రోజు నవ్వు రాలేదు. తరవాత కూడా రాలేదు.

ఆఖరి సెమిస్టర్లో ప్రాజెక్టుకి అదే విషయం తీసుకున్నాను. అది నాది కాబట్టి. ఇంకో పదిమంది ఆడవాళ్ళతో మాట్లాడి పెంచి, నా పేరు మీద బైండు చేయించి సెంటర్లో ఇచ్చాను. ఆ నల్ల అట్ట మీద బంగారు రంగులో నా పేరు చూసి, దాన్ని ఒకరోజు అమ్మ చేతిలో పెట్టాలనుకున్నాను. చదవలేకపోయినా, ఇదిగో ఇది నా పేరు అని వేలితో చూపించవచ్చు.

పది రోజులకి పురుషోత్తం సారు పిలిచారు. ప్రాజెక్టు ఆయన బల్ల మీద ఉంది.

"చూడమ్మా మమతా. ఈ కథనానికి బహుమతి ఇచ్చిన ముగ్గురిలో నేనొకణ్ణి. దీన్ని రాసిన విలేకరి పేరు నాకు గుర్తుంది. నువ్విలా చేస్తావనుకోలేదు," అన్నారు.

ఆయన మా ఆయనండీ అన్నాను. సారు మొహం తేలికపడింది. అలాగా, మరి ముందే చెప్పాలి కదమ్మా అన్నారు. రాసింది నేనేనండీ అన్నాను. ఆయన నా వంక చూశారు. అబద్ధమాడే పిల్లని చూసినట్టు కాదు, పాపం అన్నట్టు చూశారు. అయితే వచ్చే ఆదివారం మీవారిని తీసుకురా, ఆయన ఏమంటే అదే అన్నారు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. నాకు కావలసింది ఒక్క మాట. ఇది మా ఆవిడ రాసింది అని మీరు సారు ముందు అంటే చాలు. ఆయన ఎవరికీ చెప్పరు, పేపరుదాకా వెళ్ళదు. ఆ మాట మీ నోట వస్తే, మా అమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పుకుంటాను. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నారు. బహుమతి ఇచ్చినాయన ముందే కాదని ఎలా అంటామే అన్నారు. తరవాత, నీకు ఇబ్బంది లేకుండా చూస్తాలే, నేను లేనా అన్నారు. మా అత్త, ఆడదాని చదువుకి మగాడు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది అంది. ఆయన నవ్వి, తిరుగుతాను, మా ఆవిడ కదా అన్నారు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ప్రెస్ కార్డు తగిలించుకుని వచ్చారు. సారు గదిలో ఎదురుగా ఒకటే కుర్చీ. కూర్చోండి అన్నారు సారు. ఆయన కూర్చున్నారు. నేను బీరువా పక్కన నిలబడ్డాను. కాఫీలు వచ్చాయి, రెండు. కుర్రాడు నన్ను చూసి ఇంకోటి తేనా అన్నట్టు ఆగాడు. వద్దని నేనే తలూపాను. ఎందుకు ఊపానో నాకు తెలీదు. ఇన్నేళ్ళ అలవాటు.

చాలాసేపు పేపర్ల గురించి మాట్లాడుకున్నారు. జిల్లా పేజీలు తగ్గించేశారని, ఫోన్లు వచ్చాక చదివేవాళ్ళు లేరని. ఆఖరికి సారు ప్రాజెక్టు తీసి, ఈ ఎండుచేపల కథనం మీదేనా అండీ అని అడిగారు.

మా ఆయన నా వంక చూడలేదు.

"ఆయ్, నాదేనండి. మా ఆవిడ నాకు టైపు చేసిపెడద్దండి. అలా చేసి చేసి, అది తనదే అనిపించుంటాది. ఇంట్లో మనిషి కదండీ, వాడుకోమని నేనే చెప్పేను."

టైపు చేసిపెడుతుంది. ఆ మాటలో అబద్ధం వెతికితే దొరకదు. సారు తేలిగ్గా నవ్వారు. అయితే గొడవే లేదమ్మా, మొదటి పేజీలో నా భర్త కథనం ఆధారంగా అని ఒక వాక్యం రాసెయ్, నేను పంపించేస్తాను అన్నారు. పెన్ను కూడా తీసి బల్ల అంచున పెట్టారు. ఒక వాక్యం. రోజూ రాసే వాక్యాల్లో ఇంకొకటి. పట్టా వస్తుంది, ఆయన శాలువా ఆయనకుంటుంది. నేను పెన్ను దాకా చెయ్యి చాపాను కూడా.

అప్పుడు సారు ఆయన వైపు వంగి అడిగారు. "నాకు ఒకటి ఆశ్చర్యమండీ. ఆ బహిష్టు సంగతి. అంత కట్టుబాటున్న వాళ్ళ చేత ఆ మాట ఎలా చెప్పించేరు?"

మా ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు.

"మనం మెల్లగా అడగాలండీ. మనసిప్పి చెప్తారు ఆడాళ్ళు," అన్నారు.

నా కాళ్ళ కింద ఇసక జారినట్టయింది. కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు ఒడ్డున నిలబడితే పాదాల కింద జారుతుందే, అలా. ఎదురుగా ఉన్నవాళ్ళు ఇద్దరూ మంచివాళ్ళు. ఒకరు నన్ను చదివిస్తున్నారు, ఒకరు నాకు చదువు చెప్తున్నారు. ఇద్దరి మధ్యా మా అమ్మ ఉంది. తలుపు చాటున దాక్కున్న మనిషిని తీసుకొచ్చి ఆ బల్ల మీద పెట్టి, కాఫీ తాగుతూ చూస్తున్నారు.

నా చేతిలో ఫోనుంది. అందులో గాలి చప్పుడు, కాకులు, అమ్మ గొంతు ఉన్నాయి. నువ్వు ఆడపిల్లవి కాబట్టి చెప్పేను అన్న మాట కూడా ఉంది. ఒక్కసారి వేలు ఆనిస్తే చాలు, ఎవరిది ఎవరిదో తేలిపోతుంది. తేలాలంటే ఆ మాట ఈ గదిలో వినిపించాలి. ఇద్దరు మగవాళ్ళు అమ్మ గొంతులో వినాలి. ఒకసారి అచ్చులో పోయింది. ఈసారి గొంతుతో సహా పోతుంది. పోగొట్టేది నేనే అవుతాను. ఫోను పర్సులో పెట్టి జిప్పు లాగాను.

"సార్, ఈ ప్రాజెక్టు వెనక్కి తీసుకుంటానండీ. వేరే విషయం మీద చేస్తాను," అన్నాను.

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. వచ్చే పరీక్షల దాకా ఆగాలమ్మా, పట్టా ఆలస్యమవుతుంది, ఒక వాక్యానికి ఎందుకింత అన్నారు సారు. ఫర్వాలేదండీ, ఆగుతాను అన్నాను. దేని మీద చేస్తావు మరి అని అడిగారు.

"మండల విలేకరుల మీదండీ. వార్త ఎలా తయారవుతుందో, ఇంటి దగ్గర నుంచి డెస్కు దాకా."

సారు మొహం వెలిగింది. మంచి అంశం, ఎవరూ చెయ్యలేదు, నీకు ఇంట్లోనే బోలెడు సమాచారం ఉంది అన్నారు. మా ఆయన కుర్చీలో సర్దుకుని, ఎందుకు లేదండీ, మొత్తం నేను చెప్తాను, మా విలేకరులందరి ఇళ్ళకీ తీసుకెళ్తాను అన్నారు. లేచేటప్పుడు సారు, ఇక్కడ నిన్న సెమినారు జరిగిందండీ, పత్రికల్లో నైతిక విలువల మీద, రెండు ముక్కలు వచ్చేలా చూడండి అన్నారు. ఆయ్, రేపే వచ్చేత్తదండి అన్నారు మా ఆయన.

నల్ల అట్ట పుస్తకం చంకలో పెట్టుకుని బండెక్కాను. దారంతా ఆయన హుషారుగా ఉన్నారు. చూసేవా, నీకు ఇబ్బంది లేకుండా చేసేను, నువ్వే అనవసరంగా పట్టుదలకి పోయేవు అని గాలిలోకి అరిచి చెబుతున్నారు. వైనతేయ వంతెన దాటాక టీ కొట్టు దగ్గర ఆపారు. బెంచీ మీద కూర్చుని, జేబులోంచి సారు ఇచ్చిన ఆహ్వాన పత్రిక తీసి నా వైపు జరిపారు.

"ఈ సెమినారు రాసెయ్. పురుషోత్తం గారు మాటాడేరు, ప్రిన్సిపాలు గారు వచ్చేరు. వంద మంది అని పెట్టు. మిగతాది నువ్వు చూసుకో."

నేను ఆ కాయితం తీసుకోలేదు. గాలికి ఎగరకుండా దాని మీద టీ గ్లాసు పెట్టాను.

ముందు నా ప్రాజెక్టు మొదలుపెడతానండీ, సాయం చేస్తానన్నారు కదా అన్నాను. ఇప్పుడా అన్నారు. మీరు ఖాళీగా దొరికేది ఇప్పుడే కదా అన్నాను. నవ్వి, సరే కానీ అన్నారు. పర్సులోంచి ఫోను తీసి రికార్డింగు పెట్టి బెంచీ మీద ఇద్దరికీ మధ్య ఉంచాను. అద్దం మీద ఎర్ర చుక్క, పక్కన అంకెలు పరిగెత్తుతున్నాయి.

"మీ పేరు చెప్పండి."

"ఏటే, మొగుడి పేరు కూడా తెలీదా?" అని టీ కొట్టాయన వంక చూసి కన్ను గీటారు. ఆయన కూడా నవ్వాడు.

రికార్డు కోసమండీ అన్నాను. గొంతు సవరించుకుని పూర్తి పేరు చెప్పారు. మండల విలేకరి అని కూడా కలిపారు. ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారో చెప్పారు. పొద్దున్నే ఎవరెవరు ఫోన్ చేస్తారో, ఏ ఆఫీసులో ఎవరు కబురందిస్తారో, వరదలప్పుడు లంకల్లోకి పడవ మీద ఎలా వెళ్ళారో చెప్పారు. చెబుతుంటే ఆయన మొహం చూడముచ్చటగా ఉంది. నిజంగా కష్టపడతారు. ఎండలో తిరుగుతారు. అదంతా నేను రాస్తాను, ఒక్క ముక్క తగ్గించను. టీ చల్లారిపోయింది. ఆయన తాగలేదు.

"అలా తెచ్చిన సమాచారాన్ని వార్తగా ఎవరు రాస్తారండీ?"

ఆయన నవ్వు మొహం మీదే ఉంది గానీ కళ్ళలోంచి వెళ్ళిపోయింది. టీ కొట్టు వైపు చూశారు. కొట్టాయన గ్లాసులు కడుగుతూ ఇటే చూస్తున్నాడు. తరవాత ఫోను వంక చూశారు. అంకెలు పరిగెత్తుతూనే ఉన్నాయి.

"ఆపు," అన్నారు నెమ్మదిగా.

నేను ఆపలేదు. అదే గొంతుతో, అంతే మర్యాదగా, మళ్ళీ అడిగాను. వార్త ఎవరు రాస్తారండీ.

ఆయన లేచి బండి దగ్గరికి వెళ్ళారు. స్టార్టు చేశారు. నేను వెనకెక్కుతానని ఇంజను ఆపకుండా అలాగే ఉంచి, అటు తిరిగి, రేవు వైపు చూస్తూ కూర్చున్నారు. మెడలో ప్రెస్ కార్డు గాలికి తిరగబడి వెనక తెల్ల వైపు కనబడుతోంది. ఇంజను చప్పుడు కూడా రికార్డవుతోంది. నేను బెంచీ మీద నుంచి లేవలేదు. ఇంకా ఎంతమంది విలేకరుల ఇళ్ళకి వెళ్ళాలో, వంటింట్లో ఎంతమంది ఆడవాళ్ళని ఈ ప్రశ్న అడగాలో తలుచుకుంటున్నాను. వాళ్ళు తమ పేరు వెయ్యమంటే వేస్తాను, వద్దంటే వద్దు.

ఆయన పలకలేదు. అడిగితే పలకకపోతే చివర్న ఏం రాయాలో ఆయనే నాకు నేర్పారు.